మూడోవాడు

2009 నవంబరు 2. పొద్దున్నే పార్టీవాళ్లు అమీర్‌పేటలోని మా ఇంటికొచ్చారు. "గీ వార్డు లేడీస్‌కి పోయింది, కార్పొరేటర్‌గ మీరే నిలబడాలె అక్కా," అని మా తోడికోడలు రాగసుధను అడిగారు.

ఆమెకు ముగ్గురు పిల్లలని విని నావైపు తిరిగారు. "ఇద్దరు దాటితే పోటీకి పనికిరారు. మీకైతే పిల్లల ఫికరే లేదు!"

రాగసుధ నన్ను అసూయగా చూసింది. పదేళ్లుగా నేను ఆమెను చూస్తున్న చూపే అది.

సాయంత్రం వంటింట్లో నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, చిన్నోణ్ణి నీకు దత్తత ఇచ్చేస్తా. ఒక్కింట్లోనే ఉంటాడుగా. సీటు నాకొదిలెయ్యవా?"

దత్తత ఇచ్చినా ఎన్నికల లెక్కలో ఆమెకు ముగ్గురు పిల్లలే. లాయరు దగ్గర పనిచేసే నాకు ఆ రూలు తెలుసు.

"సరే సుధా, సీటు నీకే," అన్నాను.

రేపు పొద్దున్నే ముందు దత్తత పత్రం రాయించడానికి రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లాలి. ఆ తరువాతే ఆమె నామినేషను.