చెవి గుర్తు

"బీరన్నా, నీ గొర్లు దొరికినయ్. దొంగ గూడ దొరికిండు. జల్ది రా" అని హెడ్ కానిస్టేబుల్ భిక్షపతి ఫోన్ చేసేసరికి బీరన్న కాళ్లకు సత్తువ వచ్చింది. తింటున్న కంచం అలాగే వదిలేసి, భార్య సుక్కమ్మను వెంటబెట్టుకొని ఠాణాకు బయల్దేరాడు.

మంద పోయి వారమైంది. చుట్టాలింట్లో చావుకు వెళ్లొచ్చేసరికి దొడ్డి ఖాళీ. దొంగలు డీసీఎం బండి తెచ్చి పట్టపగలే ఎక్కించుకుపోయారు. బీరన్నకు పొలం లేదు, చదువు లేదు. ఉన్నదల్లా ఆ మందే. అది దొరక్కపోతే చౌటుప్పల్ వెళ్లి ఏదో కంపెనీ గేటు దగ్గర కాపలా కాయాలి. "నాతోని కాదే" అని సుక్కమ్మ ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మొదటిసారి ఫిర్యాదు పట్టుకెళ్లినప్పుడు ఎస్సై కృష్ణకాంత్ తలెత్తి కూడా చూడలేదు. కురుమలంతా కదిలి నకిరేకల్ దగ్గర హైవే మీద గొంగళ్లు పరుచుకొని కూర్చున్నారు. బస్సులు బారులు తీరాయి. ఎస్సైకి పైనుంచి ఫోన్లు వచ్చాయి. అప్పుడుగాని బీరన్నకు ఠాణాలో కుర్చీ దొరకలేదు.

"నీ గొర్లకు గుర్తేంది?" అని ఆ రోజు అడిగాడు ఎస్సై.

"ఎడమ చెవి కొసకు చేపతోక లెక్క చీలిక ఉంటది సారూ. తాతల కాలం నుంచి మా ఇంటి గుర్తు గదే. అయినా చెవితోని ఏం పని? నేను కూత పెడితె నా మంద ఉరికొస్తది. పరాయోని కూతకు గొర్రె అడుగు గూడ కదపదు."

ఎస్సై నవ్వాడు. "కూతను కోర్టుల ఎట్ల పెట్టాలె? చెవి గుర్తు చాలు."

ఇదిగో, ఇప్పుడు దొంగ లాకప్‌లో ఉన్నాడు.

"పేరు మల్లప్ప. నారాయణపేట దిక్కు" అన్నాడు ఎస్సై. "ఈడ వానికి నా అన్నోడు లేడు. మీ లెక్కనే గొంగడి కప్పుకొని, కర్ర పట్టుకొని బీళ్లెంట తిరుగుతున్నడు. చూడు, ఎంత మంచి వేషమో!"

రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా? మల్లప్ప మొహం వాచిపోయింది. పెదవి చిట్లింది. లేచి నిలబడే ఓపిక లేదు. అన్నీ ఒప్పుకున్నాడట. వేలిముద్ర కూడా వేశాడట.

"నీళ్లు పెట్టుండ్రి సారూ..." గొణిగాడు.

"మందకు మంద మింగినోనికి నీళ్లు గూడనా?" అంటూ భిక్షపతి లాకప్ తలుపు తీశాడు. "బీరన్నా, నీ కోపం గూడ తీర్చుకో."

బీరన్న కర్ర ఎత్తాడు. ఒక్కటే వేద్దామనుకున్నాడు. ఎన్ని వేశాడో తనకే తెలియదు. మల్లప్ప తిట్టలేదు, చేతులు అడ్డం పెట్టుకోలేదు. మళ్లీ నీళ్ల మాటే అన్నాడు. సుక్కమ్మ వచ్చి లాగితేగాని బీరన్న ఆగలేదు. న్యాయం ఇంత తియ్యగా ఉంటుందని ఆయనకు అంతవరకూ తెలియదు.

గొర్రెలు ఠాణా వెనక ప్రహరీ లోపల ఉన్నాయి. ఎండకు డొక్కలు ఎగరేస్తూ గోడ నీడకు ఒదిగి నిలబడ్డాయి. బీరన్న ఉరుకుతూ వెళ్లి ఒక్కోదాని మొహం చూశాడు. రెండోసారి చూశాడు. నడక నెమ్మదించింది.

"మొహాలు గాదు, చెవులు చూసుకో" అన్నాడు ఎస్సై.

అన్నింటికీ ఎడమ చెవి కొసన చేపతోక ఉంది. నెత్తురు ఇంకా ఆరలేదు. ఈగలు ముసురుతున్నాయి.

"గుర్తు పోగొట్టాలని ఆ దొంగోడే కెలికిండు" అని, ఎవరూ అడగకముందే చెప్పాడు భిక్షపతి.

సుక్కమ్మ మొగుడి పక్కకు జరిగింది. "ఏమయ్యా, మన బొల్లి గొర్రె ఏది? ఒక్కటన్న మనది కనవడ్తలేదు."

"నోరు ముయ్యి" అన్నాడు బీరన్న పళ్లు బిగించి. "ఏ సంతల కొనుక్కొచ్చిండ్రో. మనయి పోయినయ్, ఇవి వచ్చినయ్. వద్దంటె రేపే చౌటుప్పల్ బస్సెక్కాలె. పోతవా?"

బీరన్నకు లోపల ఎక్కడో సిగ్గనిపించింది. గొర్రెల కాపరి పరాయి గొర్రెను తనదనడం ఆయన ఇంటా వంటా లేదు. అయినా ఎస్సై వైపు తిరిగి చేతులు జోడించాడు.

"మావే సారూ. మీ పిల్లలు సల్లగుండాలె."

సంతకం అయింది. పేపర్‌వాళ్లు వచ్చారు. బీరన్న భుజాన ఒక గొర్రెపిల్లను వేయించి, పక్కన నిలబడి ఎస్సై ఫోటో దిగాడు. భిక్షపతి గేటు బార్లా తీశాడు.

బీరన్న కూత పెట్టాడు.

ఒక్క గొర్రె కూడా కదలలేదు.

మళ్లీ పెట్టాడు. తలలు తిప్పనైనా తిప్పలేదు. భిక్షపతి లాఠీతో అదిలిస్తే గోడకు ఇంకా దగ్గరగా ఒదిగాయి. పేపర్‌వాళ్లు చూస్తున్నారు. ఎస్సై మొహంలో నవ్వు తగ్గింది.

"కొత్త జాగ గదా, బెదిరినయ్ సారూ" అన్నాడు బీరన్న.

అప్పుడే లాకప్ కిటికీలోంచి, చిట్లిన పెదవుల మధ్య నుంచి, సన్నగా, బొంగురుగా ఒక కూత వినిపించింది. మందంతా ఒక్కసారిగా తలలెత్తి, బే బే మని అరుచుకుంటూ ఆ కిటికీ కిందికి ఉరికింది.