మేరీ డెమో

"ఇది పని చెయ్యదు," అంది సుమేరా, మైకు అవసరం లేని గొంతుతో.

బోధన్‌లోని ఆ డిగ్రీ కాలేజీలో ఫైనలియర్ వాళ్ల ప్రాజెక్టుల రోజు అది. జనానికి, ఆరోగ్యానికి పనికొచ్చే ఆలోచన ఒకటి చెప్పాలి. తోటి విద్యార్థే లేచి దాన్ని రివ్యూ చెయ్యాలి. ఆ రోజు రివ్యూ సుమేరాది. జొన్న బిస్కెట్ల వాళ్లనూ, ఫోన్ ఉపవాసం వాళ్లనూ అప్పటికే ఉతికేసింది. ఇప్పుడు మేరీ, ఇస్మత్‌లు దొరికారు. గుండె ఆగి పడిపోయిన మనిషిని అంబులెన్స్ వచ్చేదాకా ఛాతీ ఒత్తుతూ ఎట్లా కాపాడాలన్నది వాళ్ల ప్రాజెక్టు. గోనెసంచిలో చెరుకాకు కుక్కి, పాత చొక్కా తొడిగిన బొమ్మ ఒకటి బల్ల మీద పడుకుని ఉంది.

"ఎందుకు పని చెయ్యదు?" అంది మేరీ.

"నిజంగ ఒక మనిషి పడ్డడనుకో. సగం మంది ఉరుకుతరు, సగం మంది వీడియో తీస్తరు. సంచిని ఎవరన్న ఒత్తుతరు మేరీ. మనిషిని ఒత్తెటోళ్లేరి? చేతులు రావు, భయమైతది. ఆ భయానికి మీ ప్రాజెక్టుల ఏం మందున్నది?"

క్లాసంతా బల్లలు చరిచింది. మేరీ బొమ్మ చొక్కా సర్దింది. పక్కన ఇస్మత్ తల వంచుకుంది.

"ఆగు సుమేరా," అంటూ ముందు వరుసలోంచి పరమేశ్వర్ సార్ లేచారు. "దీనికి జవాబు నేను..."

బోర్డు దాకా వచ్చారు. ఏదో చెప్పబోతూ చెయ్యెత్తారు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే, నిలువునా కూలిపోయారు.

వెనక బెంచీల్లో ఎవరో కెవ్వుమన్నారు. ఇద్దరు తలుపు వైపు పరుగెత్తారు. మేరీ అప్పటికే సార్ పక్కన మోకాళ్ల మీద ఉంది. భుజాలు తట్టింది. పిలిచింది. ముక్కు దగ్గర చెంప ఆనించింది. తర్వాత తలెత్తి క్లాసు మొత్తాన్నీ ఒకసారి చూసింది.

"ఎవ్వరు భయపడకుండ్రి," అంది. "గిదే మా డెమో."

క్లాసు ఊపిరి పీల్చుకుంది. సుమేరాకు నవ్వొచ్చింది. తన ప్రశ్నకు సార్‌నే జవాబుగా పడుకోబెట్టారన్నమాట! గట్టి ఎత్తే వేసింది మేరీ.

"ఉమర్, నూట ఎనిమిదికి ఫోన్ కొట్టు. ఉత్తగ కాదు, నిజంగనే కొట్టు. తలుపు కాడున్న మీరిద్దరు గేటు కాడికి పోయి బండిని లోపటికి తీస్కరాండ్రి. ఇస్మత్, లెక్క నువ్వు చెప్పు."

చెబుతూనే రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి వేసి సార్ ఛాతీ మీద ఒత్తడం మొదలుపెట్టింది. ఇస్మత్ ముఖం పాలిపోయింది. అయినా ఒకటి, రెండు అంటూ లెక్క అందుకుంది.

మేరీ వాళ్ల నాన్న సత్యానందం అంబులెన్స్ డ్రైవరని అందరికీ తెలుసు. ముందే మాట్లాడి పెట్టుకున్నట్టున్నారు అనుకుంది సుమేరా.

కాసేపటికి మేరీ నుదుటి మీంచి చెమట కారింది. "సుమేరా, రా. ఇగ నువ్వు ఒత్తు."

"నేనా?"

"రివ్యూ చేసేది నువ్వే కద. రా!"

సుమేరా వచ్చి మెల్లగా ఒత్తింది.

"గట్టిగ! ఇంక లోపటికి!"

"సార్‌కు దెబ్బ తాకుతది కద?"

"సార్ ఒప్పుకున్నడు. ఒత్తు!"

సుమేరా ఒత్తింది. సార్ రెప్ప కూడా కదిలించలేదు. ఎంత ఓపిక ఈయనకు! ఆమె చేతులు లాగేసరికి ఉమర్ వచ్చాడు. అతని వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. చెప్పకుండానే వరుస కట్టారు. ఒకడు ఫోన్ తియ్యబోతే మేరీ చూసిన చూపుకు జేబులో పెట్టేసుకున్నాడు. ఇస్మత్ లెక్కతో ఇంకో గొంతు కలిసింది, తర్వాత క్లాసంతా కలిసింది. ఏ రోజూ ఒక్క మాట మీద నిలబడని క్లాసు అది. సుమేరాకు ఒళ్లు జలదరించింది. గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయింది.

సార్ గొంతులోంచి సన్నగా మూలుగు వచ్చింది. వేళ్లు కదిలాయి.

"ఆపుండ్రి," అంది మేరీ. "చాలు."

అప్పుడే సత్యానందం, ఇంకో అతనూ స్ట్రెచర్‌తో లోపలికి వచ్చారు. సార్ ముఖానికి ఆక్సిజన్ పెట్టి, ఎత్తుకుని వెళ్లిపోయారు. కూత వేసుకుంటూ బండి గేటు దాటింది. క్లాసు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

సుమేరా మళ్లీ బోర్డు దగ్గరికి వచ్చింది. "నా మాట వాపస్ తీస్కుంటున్న. భయానికి మందేదని అడిగిన. చూపిచ్చిండ్రు. నేను గూడ ఒత్తిన, నాకే భయం గాలే. గిసొంటి ప్రాజెక్టు నేనెప్పుడు సూడలే. ఫుల్ మార్కులు. సార్ యాక్టింగ్‌కు ఇంకో పది ఎక్కువ!"

అందరూ నవ్వారు. మేరీకి అదేదీ వినబడుతున్నట్టు లేదు. గోడకు ఆనుకుని చేతిలో ఫోన్ వైపే చూస్తోంది. కాసేపటికి అది మోగింది.

"ఆఁ బాపు... మాట్లాడిండా? నీళ్లు అడిగిండా?"

ఫోన్ చేతిలోంచి జారింది. మేరీ అక్కడే నేల మీద కూలబడి, ముఖం రెండు చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏందే, గెలిచినంక ఏడుస్తున్నవ్?" సుమేరా వంగి ఆమె భుజం పట్టుకుంది.

ఇస్మత్ వచ్చి మేరీని గట్టిగా పొదువుకుంది. సుమేరా వైపు తలెత్తి చూసింది.

"మా డెమోల పడిపోవాల్సింది నేను," అంది. "సార్ కాదు."