కాలు ఊగే స్టూలు

బడంతా సుడిగాలి అని పిలిచే అమ్మాయి, ముందు బెంచీ పిల్ల జడను బెంచీకి కట్టేసింది.

లెక్క చెప్పడానికి లేచిన ఆ పిల్ల కెవ్వుమంది. మూడో తరగతంతా గొల్లున నవ్వింది.

"సుడిగాలీ! నీ కాళ్లు ఒక్కచోట నిలవవా? పో, ఈ స్టూలు పైన ఐదో తరగతి మాష్టారికి ఇచ్చి రా," అన్నారు టీచరు.

సుడిగాలికి అంతకంటే ఏం కావాలి? తన నడుమెత్తున్న చెక్క స్టూలును నెత్తికెత్తుకుని మెట్లెక్కింది.

పైన మాష్టారు గోడకు చెయ్యి ఆనించి, నిలబడే పాఠం చెబుతున్నారు. స్టూలును అటూ ఇటూ కదిపి మొహం చిట్లించారు.

"దీని కాలు ఊగుతోంది. పట్టుకుపో."

"నిన్న కూడా ఇదే తెచ్చాను కదండీ!"

"నిన్నా ఊగింది. పట్టుకుపో అన్నానా!"

కిందికి చేరేసరికి సుడిగాలి ఆయాసం చూడాలి! చెమట తుడుచుకుని, బుద్ధిమంతురాలిలా కూర్చుని ఎక్కాలు రాసుకుంది.

ఏడాది పొడుగునా ఇదే తంతు. పిల్లలు ఆయనకు వంకల మాష్టారు అని పేరు పెట్టారు. మధ్యాహ్నం తిండి వేళ సుడిగాలి ఆయనలా కుంటుతూ నడిచి చూపించేది.

"ఊగేది స్టూలు కాదర్రా, ఆయన కాలే!"

అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. ఎంత బాగుండేవి ఆ రోజులు!

ఆ సుడిగాలే పెద్దదై టీచరైంది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు కదా, ఆమె తరగతిలోకి ఒక పిడుగు వచ్చి పడింది. ఆ పిల్ల కూర్చోదు, ఇంకొకరిని కూర్చోనివ్వదు.

"సోమవారం నుంచి ఆ పిల్లను పంపొద్దని ఇంట్లో చెప్పేయండి," అన్నారు హెడ్మిస్ట్రెస్.

సుడిగాలి ప్రాణం ఉసూరుమంది. ఆదివారం తన పాత టీచరు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది.

"నన్నెలా భరించారు టీచర్? ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు. ఆ ఓర్పు నాకూ కాస్త నేర్పండి."

టీచరు నవ్వారు. "ఓర్పా, నాకా? నిన్ను తీసుకెళ్లిపొమ్మని మీ నాన్నకు కబురు పెట్టబోయానే తల్లీ. మీ వంకల మాష్టారే అడ్డుపడ్డారు."

"ఆయనా?"

"నువ్వు మొదటిసారి స్టూలు మోసుకెళ్లి ఇచ్చొచ్చి, కుదురుగా కూర్చున్నావు. ఆ మాట ఆయనకు చెప్పాను. ఆ సాయంత్రమే ఆయన స్టూలు కిందికి తెచ్చి నా ముందు పెట్టారు. 'ఆ పిల్లకు పొగరు కాదమ్మా, కాళ్లలో పరుగుంది. అల్లరి మొదలెట్టగానే ఇది ఇచ్చి నా దగ్గరికి పంపండి. ఏదో వంక పెట్టి తిప్పి పంపుతాను' అన్నారు."

"మరి స్టూలు కాలు?"

"దానికేం, గట్టిగానే ఉండేది."

ఆమె గబుక్కున లేచింది. "ఆయన ఇల్లెక్కడ టీచర్? ఇప్పుడే వెళ్తాను."

"పోయిన నెల పోయారమ్మా."

ఆమె అక్కడే చతికిలబడింది. తను నడిచి చూపించిన కుంటి నడక గుర్తొచ్చింది. తలెత్తి అడిగింది.

"అసలు మొదటిసారి ఆ స్టూలు పైకెందుకు పంపారు టీచర్?"

టీచరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"మోకాళ్లు పోయాయి, నిలబడలేకపోతున్నాను, కూర్చోడానికి ఏదైనా ఇప్పించండి అని ఆయన అడిగితే, బడి మొత్తానికి మిగిలిన ఆ ఒక్క స్టూలూ ఆయనకే ఇచ్చారమ్మా."