వాగుడుకాయ దగ్గు

"అదిగో, మళ్ళీ దగ్గింది!"

తొక్కుతున్న కుట్టుమిషను అలాగే వదిలేసి ఆవిడ వెనక గదిలోకి పరిగెత్తింది. పంజరంలో చిలుక ఈకలన్నీ ఉబ్బించుకుని, ఒంటికాలి మీద కూర్చుని, ఏమీ ఎరగనట్టు చూస్తోంది. పక్కనే మంచం మీద ఆవిడ భర్త చిలుక కూర్చునే కర్రకి ఉన్నిగుడ్డ చుడుతున్నాడు.

"విన్నారా? గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు దగ్గుతోంది."

"విన్నాలే. చలిగాలి తగిలుంటుంది. ఈ గుడ్డ చుట్టేస్తే కాళ్ళకి వెచ్చగా ఉంటుంది" అన్నాడాయన.

ఆయన వడ్రంగి. పంజరంలో కర్రలన్నీ ఆయన చేతివే. ఒకటి లావు, ఒకటి సన్నం, ఇంకోటి వంకర. ఎప్పుడూ ఒకే మందం కర్ర మీద కూర్చుంటే చిలుక పాదాలు పుళ్ళు పడతాయట. ఊరందరికీ మంచాలు చేసిపెట్టే మనిషి, తన మంచం కోడు ఊగుతుంటే కింద అట్టముక్క దోపి సరిపెట్టుకున్నాడు. చిలుక కర్రని మాత్రం ఎక్కడా పేడు లేకుండా తడిమి చూసుకుంటే గానీ లోపల పెట్టడు.

పిల్లల్లేని ఇల్లు. ఆవిడ అమ్మ, ఆయన నాన్న, అల్లరంతా చిలుకది. దాని పేరు వాగుడుకాయ. ఆ పేరు ఊరికే రాలేదు, దాని నోట్లో నువ్వుగింజ నానదు. ఉప్పు జీడిపప్పులు పెట్టొద్దని ఆవిడ ఎంత మొత్తుకున్నా ఆయన చాటుగా పెట్టేవాడు. ఒకరోజు ఆవిడ గదిలోకి రాగానే అది అచ్చం ఆయన గొంతుతోనే అప్పజెప్పేసింది.

"ఇంకో జీడిపప్పు కావాలా? ష్... అమ్మకి చెప్పకే!"

ఆ రోజు ఇద్దరూ కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వారు.

ఇప్పుడా నవ్వు లేదు. వాగుడుకాయకి ఒక జోడు ఉండేవాడు, మౌనస్వామి. పోయిన చలికాలం పోయాడు. ముందురోజు దాకా గింజలు కొరికాడు, తెల్లారి చూస్తే కర్ర కింద పడున్నాడు. పక్షులు జబ్బు పైకి కనపడనివ్వవనీ, ఓపిక పూర్తిగా అయిపోయాకే పడిపోతాయనీ పశువుల ఆస్పత్రి డాక్టరమ్మ అప్పుడు చెప్పింది. ఆవిడ ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు.

"వాడు ఒక్కసారి దగ్గినా నేను చూసుకునేదాన్ని కదండీ. అలా దాచుకుని దాచుకుని పోయేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఇది కూడా పోతే ఈ ఇంట్లో నేనుండలేను."

ఆయన గుడ్డ చివర మడిచి దారంతో ముడి వేశాడు.

"ఇది పోదులే" అన్నాడు.

చలి మొదలైనప్పటి నుంచీ ఆయన పడక ఆ వెనక గదిలోనే. చిలుకకి తోడట. కంబళి జారితే కప్పాలట, వేడినీళ్ళ సీసా చల్లారితే మార్చాలట. నేనూ వస్తానని ఆవిడంటే ఒప్పుకోడు.

"దీని జబ్బు నీకూ అంటుకుంటే? నేనొక్కణ్ణి చాలనూ?"

అందుకే తన గ్లాసు విడిగా పెట్టుకున్నాడు, తన తువ్వాలు తనే ఉతుక్కుంటున్నాడు. గోడ అవతల దగ్గు వినపడ్డప్పుడల్లా ఆవిడ, "ఏమండీ, దగ్గుతోందా?" అని కేకేస్తుంది. కాసేపటికి, "ఆఁ, చిలుకే. కప్పాన్లే, నువ్వు పడుకో" అని జవాబొస్తుంది.

నిద్ర చాలక మనిషి చిక్కి సగమయ్యాడు. చొక్కాలన్నీ వదులైపోతే ఆవిడే పక్కలు విప్పి లోపలికి కుట్టింది. కుడుతూ కుడుతూ దెప్పింది కూడా.

"దాని మీదున్న ప్రేమలో సగం నా మీదుంటే నా బతుకు ఇంకోలా ఉండేది."

ఆయన నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆపుకుని మంచినీళ్ళ కోసం లేచి వెళ్ళాడు.

ఇవాళ మళ్ళీ ఆ దగ్గు విన్నాక ఆవిడకి ఇక ఆగబుద్ధి కాలేదు. "ఇవాళ దీన్ని డాక్టరమ్మకి చూపిస్తాను. మీరూ రండి."

"ఆస్పత్రులంటే నాకు పడదని తెలుసుగా. నువ్వెళ్ళిరా."

ఆయన గుడ్డ చుట్టిన కర్రని చిన్న పంజరంలో బిగించి, వేడినీళ్ళ సీసా ఓ మూల ఆనించి, పైన కంబళి కప్పాడు. గుమ్మం దాకా వచ్చి పంజరంలోకి వంగి, "బుద్ధిగా ఉండు. అక్కడ ఎక్కువ వాగకు" అన్నాడు.

డాక్టరమ్మ చిలుక ముక్కు తెరిచి చూసింది. ఊపిరి విన్నది, పాదాలు పట్టుకు చూసింది. ఆవిడ ఖాళీ పంజరం పట్టుకుని పక్కనే నిలబడింది.

"కాళ్ళు వెచ్చగా ఉన్నాయి, బరువూ బాగుంది. దీనికి ఏ జబ్బూ లేదమ్మా."

"మరి ఆ దగ్గు?"

"నేర్చుకుంది, అంతే. చిలుకలు మాటలే కాదు, ఏది వింటే అదే అంటాయి. తలుపు చప్పుడు, ఫోను మోత, ఏదైనా సరే. మీ ఇంట్లో ఎవరికైనా దగ్గుందా?"

"మేమున్నదే ఇద్దరమండీ. నాకు లేదు. ఆయనకైతే తుమ్ము కూడా రాదు."

అనేసి, పోయిన ప్రాణం లేచొచ్చినట్టు గట్టిగా ఊపిరి పీల్చుకుంది. పైటచెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఓసి దొంగా! ఎంత ఏడిపించావే! పద, నాన్న వింటే ఎంత సంతోషిస్తారో."

వాగుడుకాయ వెచ్చటి కర్ర ఎక్కి, రెండు పాదాలూ ఉన్నిగుడ్డ మీద కుదురుగా ఆనించి, ఈకలు వదులు చేసుకుంది. ఆవిడ వంక చూసి దగ్గింది. ఊపిరి తిప్పుకోకుండా, గుండె లోతుల్నుంచి, చాలాసేపు దగ్గింది. తర్వాత ఆయన గొంతుతో మెల్లగా అంది.

"ష్... అమ్మకి చెప్పకే."