పిన్ని నంబరు

టీనేజీ పిల్లలకు నగరపాలక సంస్థ పెట్టే ఒక్క రాత్రి గుడారాల క్యాంపుకి దరఖాస్తు నింపి, సంతకం పెట్టమని మా అమ్మాయి నా చేతికిచ్చింది.

"రాత్రి భయమేస్తే ఎవరికి ఫోన్ చేయాలి?" అన్నచోట వాళ్ల పిన్ని నంబరు రాసింది. పిన్నంటే, వాళ్ల నాన్న నన్ను వదిలేసి కట్టుకున్నావిడ.

నాకు ఒళ్లు మండిపోయింది.

"పద్నాలుగేళ్లు పెంచింది నేను. భయమేస్తే ఆవిడ కావాల్సొచ్చిందా? నెలకోసారి ఐస్‌క్రీమ్ కొనిపెడితే అమ్మైపోతుందా?"

"అది కాదమ్మా. నీకు చేస్తే స్కూటరేసుకుని వచ్చేసి, నన్ను ఇంటికి లాక్కొచ్చేస్తావు. పిన్నయితే రాదు, పడుకోమంటుంది. నాకేమో తెల్లారేదాకా అక్కడే ఉండాలనుంది."

నంబరులో చివరి అంకె తప్పుగా ఉంది. ఆవిడ నంబరు నాకు కంఠతా వచ్చు.

దిద్ది, సంతకం పెట్టాను.