పడవ పూజ

“ఎక్కి కూచో మే. మునిగితే అప్పుడడుగు,” అన్నాడు ఆదికేశవులు, వాకిట్లో ఉన్న పడవను ఒంటిచేత్తో పైకెత్తి చూపిస్తూ.

కాంచన రెండడుగులు వెనక్కి వేసింది. మనిషి ఒంటిచేత్తో ఎత్తే పడవ పూండి చెరువులో ఎంతసేపు నిలుస్తుంది? భర్త మాత్రం నవ్వుతున్నాడు.

ఆదికేశవులు అంబత్తూరులో ఫ్రిజ్‌ల కంపెనీలో పని చేస్తాడు. అక్కడ విరిగిపోయి పారేసే థర్మోకోల్ పలకలను బస్సులో ఇంటికి మోసుకొచ్చి, జిగురుతో అతికించి, పైన పాత పంచెలు అంటించి, నీలం రంగు పూశాడు. ఆదివారం ఆ పడవలో చెరువు అవతలి గట్టుకు ఒక్కడే వెళ్ళి వస్తానని కంపెనీలో అందరికీ చెప్పేశాడు. చూడ్డానికి వాళ్ళూ వస్తున్నారు.

ఐప్పసి నెల వానలకు చెరువు నిండి అంచులు తాకుతోంది. చేపలు పట్టే వేలాయుధం పనిగట్టుకుని వచ్చి మరీ చెప్పాడు.

“తంబీ, గేట్లెత్తినారు. అడుగునించి నీళ్ళు లాగతా ఉండాయి. నా పుట్టినే గట్టుమీద బోర్లించేసినా. ఈ వారం వద్దు.”

“నీ పుట్టి బరువన్నా. నాది తేలతాది.”

“తేలతాదిలే. యాడికి తేలతాదో, అదే నా భయం.”

ఆ మాట విన్నప్పటినుంచి కాంచనకు ముద్ద దిగలేదు. ఏడ్చింది, ఒట్లు పెట్టింది, అలిగింది. వద్దన్నకొద్దీ మొండికెత్తే మనిషి అతను. చివరికి అత్త దగ్గరికి పోయింది.

“అత్తా, నువ్వన్నా చెప్పు.”

మునెమ్మ చేటలో బియ్యం ఏరుతూ తలెత్తలేదు. “పోనీలేమ్మా. ఆశపడి చేసుకున్నాడు.”

“మునిగిపోతే?”

“కొత్త బండికి చేసినట్టు పూజ చేస్తాం. తిరుత్తణి సామి చూసుకుంటాడు.”

కాంచనకు ఒళ్ళు మండింది. కన్నతల్లి మాట్లాడే మాటేనా ఇది? ఆరోజు అత్తతో మళ్ళీ మాట్లాడలేదు.

ఆదివారం పొద్దున గట్టుమీద కంపెనీవాళ్ళు చేరారు. గాలి ఈడ్చి కొడుతోంది. వేళ్ళతో సహా పెకలించుకొచ్చిన చెట్టొకటి నీళ్ళమీద గేట్లవైపు కొట్టుకుపోయింది. అంత పెద్ద చెట్టు చూస్తుండగానే కనిపించకుండా పోయింది. కాంచన పూజ పళ్ళెం కింద పెట్టి భర్తకు అడ్డం వెళ్ళింది.

“మామా, నీ కాళ్ళు పట్టుకుంటా. పోవద్దు.”

“అందరి ముందరా నా పరువు తీయొద్దు మే,” అని ఆదికేశవులు తెడ్డు తీసుకుని నీళ్ళలోకి దిగి, లోతు చూడసాగాడు.

మునెమ్మ పడవకు పసుపు పూసి, కుంకుమ పెట్టింది. నట్టనడుమ తమలపాకు వేసి, తిరుత్తణి కొండనుంచి తెచ్చిన కర్పూరం పెద్ద బిళ్ళ పెట్టి వెలిగించింది. కళ్ళు మూసుకుని దండం పెట్టింది.

పడవ అంచుల చాటున మంట ఒక్క క్షణం నిటారుగా నిలిచింది. తర్వాత ఆకు లోపలికి కుంగింది. నల్లటి పొగ, ముక్కు పగిలే కంపు. ఆదికేశవులు కేక పెట్టి ఒడ్డుకు పరుగెత్తుకొచ్చి నీళ్ళు చల్లేసరికి పడవ నడుం కరిగిపోయి రెండు ముక్కలైంది.

“అయ్యో సామీ! బండికి పెట్టినట్టే పెట్టినా గదరా!” మునెమ్మ లెంపలేసుకుంది.

ఆదికేశవులు తల్లిమీద అరవబోయాడు. కర్పూరం మసి చూసి ఆగిపోయాడు. అది సామి కొండమీది కర్పూరం. చేతిలోని తెడ్డు కింద పడేసి, తిరుత్తణి ఉన్న దిక్కుకు తిరిగి చేతులు జోడించాడు.

“సామే వద్దన్నాడు. ఇంక ఈ పని తలపెట్టను.”

కంపెనీవాళ్ళు కూడా చెంపలేసుకున్నారు. ఒక్కరూ ఎగతాళి చేయలేదు.

ఇంటికి వచ్చాక కాంచన అత్త చేతులు పట్టుకుని భోరున ఏడ్చింది. అన్నిరోజుల భయమూ ఒక్కసారిగా కరిగిపోయింది.

“సామే కాపాడినాడత్తా. నిన్ను లోపల తిట్టుకున్నా.”

మునెమ్మ వాకిలివైపు చూసింది. కొడుకు దూరంగా ఉన్నాడని తేల్చుకుని, కోడలి కన్నీళ్ళు కొంగుతో తుడిచి, గొంతు తగ్గించింది.

“నిన్న ఒక పలక తునకమీద వెలిగించి చూసుకున్నాలేమ్మా.”