తెల్లకుక్క తీర్పు

"శుద్ధమైన తేనెను కుక్క ముట్టదు. మా మల్లి నాకిందంటే ఇది తేనె కాదు, బెల్లం పాకం," అంటూ నాచ్చియారమ్మ ఆముదపాకు మీద రెండు చుక్కలు పోసి అరుగు కింద పెట్టింది.

గుమ్మం పక్కన నిలబడిన కోడలు గోమతి గబుక్కున కుక్క కోసం చూసింది.

మధ్యాహ్నపు ఎండ కూడా తేనె రంగులోనే ఉంది. పడమటి కొండలు చెయ్యి తగిలితే కరిగిపోయేటట్టు ఆవిరిలో తేలుతున్నాయి. ఆ వెలుగులోంచి తెల్లకుక్క మల్లి నిద్రలో నడిచినట్టు వచ్చి, గులాబీ ముక్కుతో ఆకును వాసన చూసింది.

'వద్దే తల్లీ,' అని గోమతి కళ్లతోనే బతిమాలుకుంది.

మల్లి ఆకును శుభ్రంగా నాకింది. ఎందుకైనా మంచిదని తిరగేసి రెండో వైపూ నాకింది.

"చూసినావా ఇసక్కియమ్మాళ్?" నాచ్చియారమ్మ గొంతు మెత్తగా ఉంది. "పాకానికి ఏం ధరో అదే ఇస్తాను. ఇష్టముంటే కుండ దించు."

తేనె తెచ్చిన ఇసక్కియమ్మాళ్ చేతులు తేనెటీగలు కుట్టి ఇంకా ఉబ్బే ఉన్నాయి. "సేత్తూరు కొండమీద బండ అంచున వేలాడి తీసినాను తాయీ. శుద్ధమైన తేనె. నాకిన కుక్క పొద్దు గూకేలోపల పడిపోతాది, కూచోని చూస్తా ఉండండి."

"అది తోక ఆడిస్తా ఉండాది. పాకం బాగుందంటా ఉండాది."

మల్లి అప్పటికే నీడలో వాలి కళ్లు మూసింది. కలలో ఏ తేనెపట్టు కనబడిందో, నాలుగు కాళ్లూ గాలిలో మెల్లగా పరుగెడుతున్నాయి. ఆ కల గోమతికి తెలుసు. రోజూ మధ్యాహ్నం కొత్త మిల్లు సైరన్ మోగి, అత్త కునుకు తీయగానే, సామాన్ల గదిలోని జాడీలోంచి ఒక వేలు తనకు, ఒక వేలు మల్లికి. ఆరు నెలలైంది. కుక్క చావనూ లేదు, జాడీలోది పాకమూ కాదు. తగ్గినదంతా చీమల ఖాతాలో పోతోంది.

చెబితే ఈ ఇంట్లో కలకాలం తిండిదొంగ పేరు. చెప్పకపోతే ఆ ఉబ్బిన చేతులు.

ఇసక్కియమ్మాళ్ కళ్లు తుడుచుకుని కుండ దించబోయింది.

"అత్తా," అంది గోమతి. "అది మంచి తేనే. మల్లికి అలవాటు. నేనే రోజూ మీకు తెలియకుండా పెడతా ఉండాను. నేనూ తింటా ఉండాను."

ఎండలో ఒక్క ఆకూ కదలలేదు. నాచ్చియారమ్మ కోడలిని చూసింది. తర్వాత లోపలికి వెళ్లి, పూర్తి ధర తెచ్చి ఇసక్కియమ్మాళ్ చేతిలో పెట్టింది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా ఆగి, కోడలి దగ్గరికి వచ్చింది. గోమతి తల వంచుకుంది.

"పిచ్చిదానా," అంది నాచ్చియారమ్మ నెమ్మదిగా, మల్లిని చూపిస్తూ, "దీనికీ, దీనికి ముందు దీని అమ్మకూ తేనె నాకేది నేర్పించేదానికి నేనెంత పాటుపడినానో నీకు తెలుసునా?"